గోల్ఫ్ కోర్సు మీద ఛాంపియన్ పేరు: అందులో ఆయన చెయ్యి ఎంత?

ఒడిశాలోని మా బరంపురంలో తెలుగు పేపర్ తెప్పించుకునే ఇళ్లలో ఈమధ్య ఒక ప్రశ్న తిరుగుతోంది. విశాఖపట్నం, హైదరాబాద్ వెంచర్ల ప్రకటనల్లో ‘గోల్ఫ్ వ్యూ విల్లా’ అని ఉంటుంది. దాని కింద, ఈ కోర్సును ఫలానా ఛాంపియన్ డిజైన్ చేశారని ఇంకో ముక్క. రిటైర్మెంట్ డబ్బులు విశాఖ వైపు ఏదో ఒక స్థలం మీద పెడదామనుకునేవాళ్లు ఛత్రపురం నుంచి పర్లాకిమిడి దాకా ఉన్నారు. వాళ్లలో గోల్ఫ్ కర్ర పట్టినవాళ్లు ఎవరో గానీ ఉండరు. అయినా ఒక పేరుకి కూడా కలిపి ధర చెబుతున్నప్పుడు ఆ పేరు వెనక ఏముందో తెలుసుకోవాలని ఉంటుంది కదా. నాకు బాబాయి వరసయ్యే పెద్దాయన సూటిగానే అడిగారు: "బాగా తినేవాడు బాగా వండుతాడని ఏముందిరా?"

గోల్ఫ్ ప్రపంచంలోనూ ఇది నూరేళ్లకు పైగా నలుగుతున్న ప్రశ్నే. జవాబు వెతకాలంటే ముందు ఆ నేల మీద ఏం ఉంటుందో చూడాలి.

పద్దెనిమిది హోల్స్ అంటే

పూర్తి కోర్సులో 18 ‘హోల్స్’ ఉంటాయి. హోల్ అంటే చివర ఉండే గుంట ఒక్కటే కాదు, బంతిని మొదటిసారి కొట్టే చోటు నుంచి ఆ గుంట వరకు ఉన్న దారంతా. మొదలుపెట్టే చోటు టీ. మధ్యలో కురచగా కత్తిరించిన పచ్చిక బాట ఫెయిర్‌వే. దాని పక్కన గడ్డి పెరగనిచ్చిన చోటు రఫ్. అడ్డంగా తవ్విన ఇసుక గుంటలు బంకర్లు. చివర నున్నటి గడ్డి ఉన్న చోటు గ్రీన్, అందులో 108 మిల్లీమీటర్ల వ్యాసంతో గుంట.

మంచి ఆటగాడు ఒక హోల్‌ని ఎన్ని దెబ్బల్లో ముగించాలో చెప్పే లెక్క ‘పార్’. ఎక్కువగా కనిపించే అమరిక ఇది: మూడు దెబ్బల హోల్స్ నాలుగు, నాలుగు దెబ్బలవి పది, ఐదు దెబ్బలవి నాలుగు. 12, 40, 20 కలిపితే 72. టీవీలో ‘పార్ 72 కోర్సు’ అనేది దీన్నే.

ఇంతవరకు తేలికే. ఇవన్నీ ఎక్కడ పెట్టాలి, ఏది ఏ దిక్కుకు చూడాలి అనేదాంతో అసలు పని మొదలవుతుంది.

కాగితం మీద గీత, నేల కింద గొట్టం

డిజైనర్ మొదటి పని రూటింగ్. ఉన్న స్థలంలో 18 హోల్స్‌ని ఒకదాని తర్వాత ఒకటి నడిచి వెళ్లేలా అమర్చడం. ఇందులో చిన్న విషయాలకు కూడా లెక్క ఉంది. మొదటి హోల్ తూర్పుకు చూస్తే పొద్దున్నే వచ్చినవాడి కళ్లలో ఎండ పడుతుంది. చివరిది పడమరకు చూస్తే సాయంత్రం అదే బాధ. గాలి ఎప్పుడూ ఒకే వైపు నుంచి వీచే చోట హోల్స్ అన్నీ ఒకే దిక్కుకు ఉంటే ఆట చప్పబడిపోతుంది.

రెండోది, ఆటగాడి ముందు పెట్టే ప్రశ్న. ఒక ఉదాహరణ చూద్దాం. 400 గజాల హోల్, దారిలో ఒక చెరువు. ఆ చెరువు అడ్డంగా ఉండి, దాటాలంటే టీ నుంచి 200 గజాలు కొట్టాలనుకోండి. 280 గజాలు కొట్టే ప్రొఫెషనల్‌కి అది కనిపించను కూడా కనిపించదు. 170 గజాలు కొట్టే అరవై ఏళ్ల మనిషి రోజూ అందులో ఒక బంతి పారేసుకుంటాడు. అదే చెరువును ఏటవాలుగా పెడితే కథ మారుతుంది. కుడి పక్కన 150 గజాలకే దాటొచ్చు, ఎడమకి పోయేకొద్దీ 200, 250 గజాలు కొట్టాలి. కుడి నుంచి వెళ్లినవాడికి రెండో దెబ్బ చాలా పొడుగు, ఎడమ నుంచి తెగించినవాడికి పొట్టి. చెరువు అదే, హోల్ అదే, కానీ ఎవరి బలానికి తగ్గ లెక్క వాళ్లు వేసుకుంటారు. మొదటి రకాన్ని శిక్షించే డిజైన్ అని, రెండోదాన్ని వ్యూహాత్మక డిజైన్ అని అంటారు. ఛాంపియన్ల డిజైన్ల మీద వచ్చే పొగడ్తలు, తిట్లు చాలావరకు ఈ తేడా చుట్టూనే ఉంటాయి.

మూడోది నీళ్లు. ప్రకటనలో ఎప్పుడూ కనిపించని పని, ఖర్చులో పెద్ద వాటా తినేసే పని. మా తీరంలో తుపాను రోజు 100 మిల్లీమీటర్ల వాన పడడం వింతేమీ కాదు. 150 ఎకరాల కోర్సు మీద అంత వాన పడితే ఆరు కోట్ల లీటర్ల నీరు. అది ఎటు పోవాలో ముందే ఆలోచించకపోతే వారం పాటు ఆట ఉండదు, గడ్డి కుళ్లుతుంది. అందుకే ఇప్పుడు గ్రీన్‌ని మామూలు మట్టి మీద వేయరు. అమెరికా గోల్ఫ్ సంఘం ప్రచారంలోకి తెచ్చిన పద్ధతిలో కింద గొట్టాలు, వాటిపైన సుమారు 10 సెంటీమీటర్ల కంకర, ఆపైన 30 సెంటీమీటర్ల ఇసుక మిశ్రమం ఉంటాయి. 500 చదరపు మీటర్ల గ్రీన్‌కి లెక్కేస్తే 150 ఘనపు మీటర్ల ఇసుక, 50 ఘనపు మీటర్ల కంకర. టిప్పర్‌కి పది ఘనపు మీటర్లు పడతాయనుకుంటే ఒక్క గ్రీన్‌కే ఇరవై టిప్పర్లు, పద్దెనిమిదికి 360. నది ఇసుకకు పర్మిట్లు, ధరలు ఎలా ఉంటాయో రుషికుల్య, వంశధార ఒడ్డున ఇల్లు కట్టినవాళ్లకు చెప్పక్కర్లేదు.

గడ్డి సంగతి మాత్రం తమాషాగా ఉంటుంది. వేడి దేశాల కోర్సుల్లో ఎక్కువగా వేసే బెర్ముడా గడ్డి మన వినాయకుడికి పెట్టే గరికే. ల్యాబుల్లో అభివృద్ధి చేసిన సన్నరకాలు వాడతారు గానీ మూలం అదే. గ్రీన్ల మీద దాన్ని మూడు నాలుగు మిల్లీమీటర్ల ఎత్తుకు కత్తిరించి ఉంచుతారు. అంత కురచగా బతికించాలంటే నీళ్లు కావాలి. ఎకరంలో ఒక మిల్లీమీటరు తడి అంటే సుమారు నాలుగు వేల లీటర్లు. వేసవిలో రోజుకు ఐదు మిల్లీమీటర్ల చొప్పున 80 ఎకరాల పచ్చికను తడిపితే 16 లక్షల లీటర్లు. అన్నిచోట్లా ఇంత వాడతారని కాదు, శుద్ధి చేసిన మురుగునీటితో నడిచే కోర్సులూ ఉన్నాయి. కానీ డిజైనర్ ఎంత మేర పచ్చిక వేశాడనే నిర్ణయం ఏళ్ల తరబడి కరెంటు బిల్లులో కనిపిస్తుంది.

ఇప్పుడు బాబాయి ప్రశ్నకి రావచ్చు. ఈ మూడు పనుల్లో ఛాంపియన్‌కి సహజంగా తెలిసింది రెండోది మాత్రమే.

రోజుకు ఒక పౌండు

మొదట్లో ఆటగాడు, తోటమాలి, డిజైనర్ ముగ్గురూ ఒకడే. స్కాట్లండ్‌లోని సెయింట్ ఆండ్రూస్‌లో 1821లో పుట్టిన ఓల్డ్ టామ్ మోరిస్ బంతులు తయారుచేసే దుకాణంలో పని నేర్చాడు. 1851లో ప్రెస్ట్‌విక్ వెళ్లి అక్కడ పచ్చిక చూసుకునే ఉద్యోగంలో చేరి 12 హోల్స్ వేశాడు. బ్రిటిష్ ఓపెన్ అని, క్లుప్తంగా ఓపెన్ అని పిలిచే పోటీ మొదటిసారి 1860లో జరిగింది అక్కడే. ఆ పోటీని ఆయన 1861, 1862, 1864, 1867లో గెలిచాడు. తర్వాత పిలిచిన ఊరికల్లా వెళ్లి కోర్సు వేసి వచ్చేవాడు. రోజుకు ఒక పౌండు, దారి ఖర్చులు తీసుకునేవాడని చెబుతారు. పచ్చిక మీద ఇసుక చల్లితే గడ్డి బాగుంటుందని కనిపెట్టి జీవితాంతం దాన్నే పట్టుకున్నాడు. ఆయనది పచ్చికలో మోకాళ్ల మీద కూర్చుని నేర్చిన డిజైన్.

ఐదు ఓపెన్లు గెలిచిన జేమ్స్ బ్రెయిడ్‌కి సముద్ర ప్రయాణం పడేది కాదు. అందుకని విదేశాల కోర్సులకు ఎత్తుపల్లాల మ్యాపులు తెప్పించుకుని ఇంటి దగ్గర కూర్చునే గీసి పంపాడు. డోనల్డ్ రాస్ డోర్నోక్ అనే ఊరి నుంచి అమెరికా వెళ్లి సుమారు 400 కోర్సులకు రూపం ఇచ్చాడు. అన్నింటికీ తానే వెళ్లడం ఎవరికైనా అసాధ్యం. డ్రాయింగులు, సహాయకులతోనే చాలా పని నడిచింది. ‘పేరు ఒకరిది, పని ఇంకొకరిది’ అన్న అనుమానం ఇవాళ్టిదేమీ కాదు.

పీటర్ థామ్సన్: మన దేశానికి దగ్గరివాడు

ఆటగాడి నుంచి డిజైనర్‌గా మారడమంటే ఏమిటో అర్థం కావాలంటే నా లెక్కలో అమెరికా దిగ్గజాలు జాక్ నిక్లాస్, ఆర్నాల్డ్ పామర్ కంటే ఆస్ట్రేలియా ఆటగాడు పీటర్ థామ్సన్ జీవితం ఎక్కువ పనికొస్తుంది. ఆయన పని మన దేశంలో చూడొచ్చన్నది అందులో ఒక కారణం మాత్రమే.

థామ్సన్ 1929లో మెల్‌బోర్న్‌లో పుట్టాడు. క్లబ్బు సభ్యత్వం అక్కర్లేని పబ్లిక్ కోర్సులో ఆట నేర్చాడు. 1949లో ప్రొఫెషనల్ అయ్యాడు. బ్రిటిష్ ఓపెన్‌ని 1954, 1955, 1956లో వరసగా మూడుసార్లు, మళ్లీ 1958లో, ఆపైన 1965లో గెలిచాడు. పామర్, నిక్లాస్ వంటి అమెరికన్లు అప్పటికి ఓపెన్‌కి రావడం లేదు కాబట్టి గెలిచాడని కొందరు తీసిపారేసేవారు. 1965లో వాళ్లంతా ఉండగానే గెలవడంతో ఆ నోళ్లు మూతపడ్డాయి.

ఆయన బలం దూరం కొట్టడంలో లేదు. బంతిని తక్కువ ఎత్తులో పంపి, గట్టి నేల మీద ఎక్కడ పడితే ఎటు దొర్లుతుందో ఊహించి ఆడేవాడు. అంటే ఆయన నేలని చదివేవాడు. అమెరికాలో నీళ్లు పెట్టి మెత్తబరిచిన కోర్సుల్లో బంతి పడిన చోటే ఆగుతుంది, ఎత్తుగా కొట్టేవాడిదే రాజ్యం. అది ఆయనకు రుచించలేదు, అక్కడ తక్కువ ఆడాడు. తర్వాత డిజైనర్‌గా కూడా బంతి దొర్లి రావడానికి గ్రీన్ ముందు దారి వదలడం, గట్టి నేల, గాలిని లెక్కలోకి తీసుకోవడం అనే ఆలోచననే పట్టుకున్నాడు.

అరవైల నుంచే ఆసియా దేశాల్లో ఆడుతూ, ఇక్కడ పోటీల సర్క్యూట్ నిలబడడానికి తోడ్పడ్డాడు. 1964లో ఇండియన్ ఓపెన్ మొదలవడం వెనక ఆయన చొరవ ఉంది. ఆ తొలి టైటిల్ గెలిచింది కూడా ఆయనే. తర్వాత 1966లో, 1976లో మళ్లీ గెలిచాడు. మైకేల్ వోల్వరిడ్జ్ అనే బ్రిటిష్ ఆటగాడితో కలిసి డిజైన్ సంస్థ నడిపాడు. ఆ సంస్థ చాలా దేశాల్లో నూరుకు పైగా కోర్సుల మీద పనిచేసింది. ఢిల్లీ గోల్ఫ్ క్లబ్‌లోని ప్రధాన కోర్సుని 1976–77లో మార్చి కట్టింది థామ్సనే. బెంగళూరులోని కర్ణాటక గోల్ఫ్ అసోసియేషన్ కోర్సూ ఆయన సంస్థదే. టోక్యో ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం తెచ్చుకున్న అదితి అశోక్ ఆట నేర్చింది ఆ బెంగళూరు కోర్సులోనే.

ఒక చిన్న పక్కమాట. 1982లో ఆయన విక్టోరియా రాష్ట్ర ఎన్నికల్లో నిలబడి కొద్దిలో ఓడిపోయాడు. గెలిచి ఉంటే 1985లో అమెరికా సీనియర్ల టూర్‌లో ఒకే ఏడాది తొమ్మిది టైటిళ్లు గెలిచేవాడా అన్నది అనుమానమే. 2018లో చనిపోయాడు.

థామ్సన్ విషయంలో గమనించాల్సింది ఇది: ఆటగాడిగా ఆయనకున్న చూపు డిజైన్‌లోకి వచ్చింది. ఇంజినీరింగ్, డ్రాయింగ్, మట్టిపని మాత్రం భాగస్వాములు, సంస్థలోని మనుషులు పంచుకున్నారు. పని విభజన దాచలేదు, సంస్థ పేరులోనే భాగస్వాముల పేర్లు ఉండేవి.

సంతకం ఖరీదు

‘సిగ్నేచర్ కోర్సు’ అన్న మాట వ్యాపారంలో బాగా పాతుకుపోయింది జాక్ నిక్లాస్ కాలంలో. ఆయన మేజర్లు అనే, గోల్ఫ్‌లోకెల్లా పెద్ద పోటీల్లో 18 టైటిళ్లు గెలిచిన మనిషి. డిజైన్‌లోకి నేరుగా దూకలేదు. 1969లో తెరిచిన హార్బర్ టౌన్ అనే అమెరికా కోర్సులో పీట్ డై అనే డిజైనర్ పక్కన ఉండి పని చూశాడు. పీట్ డై అంతకుముందు ఇన్సూరెన్స్ అమ్మిన మనిషి. ఆ తర్వాత నిక్లాస్ సొంత సంస్థ పేరు మీద ప్రపంచమంతా 400కు పైగా కోర్సులు వచ్చాయి.

ఇక్కడ ప్రకటన చదివేవాళ్లకి తెలియని తేడా ఒకటుంది. నిక్లాస్ సంస్థ చేసిన కోర్సులన్నీ ‘నిక్లాస్ సిగ్నేచర్’ కావు. సిగ్నేచర్ అంటే ఆయన స్వయంగా డిజైన్‌లో పాల్గొని, సైట్‌కి వచ్చి చూసినది. దానికి రుసుము చాలా ఎక్కువ. అదే సంస్థలోని ఇతర డిజైనర్లు చేసినది ‘నిక్లాస్ డిజైన్’, రుసుము తక్కువ. గురుగ్రామ్ దగ్గరున్న క్లాసిక్ గోల్ఫ్ రిసార్ట్ మొదటి రకం. పేరులో ఒక్క మాట తేడా, వెనక పని పూర్తిగా వేరు.

మన దేశంలో ఈ వరస పేర్లు ఇంకా ఉన్నాయి. డీఎల్ఎఫ్ అనే రియల్ ఎస్టేట్ సంస్థ కోర్సుకి ఆర్నాల్డ్ పామర్, తర్వాత గ్యారీ ప్లేయర్. గ్రేటర్ నోయిడాలో గ్రెగ్ నార్మన్. అందరూ ప్రపంచ స్థాయిలో గెలిచినవాళ్లు. అదే హైదరాబాద్ గచ్చిబౌలిలోని బౌల్డర్ హిల్స్ చేసిన పీటర్ హరాడైన్ టైటిళ్లు గెలిచిన ఆటగాడు కాదు, పూర్తికాలం డిజైనర్. తెలుగు నేల మీద బాగా తెలిసిన కొత్తకాలపు కోర్సుకి ఛాంపియన్ పేరు లేకపోవడం బాబాయికి కాస్త నచ్చింది.

విల్లాలు అమ్మే కంపెనీకి ఈ పేరు ఎందుకు కావాలి? కోర్సు మీద నేరుగా వచ్చే ఆదాయం ఎకరాలకు ఎకరాల నేలకీ, నీటికీ, మనుషులకీ సరిపోవడం కష్టం. పచ్చిక చుట్టూ ఉండే ఇళ్లకు ఎక్కువ ధర పలికితేనే లెక్క కుదురుతుంది. గోల్ఫ్ ఆడనివాడు కూడా గుర్తుపట్టే పేరు ఉంటే ఆ ధర అడగడం తేలిక. ఇది మోసమని చెప్పలేం. పేరు కొన్నిసార్లు నిజంగానే మంచి ఇంజినీర్లను, కాంట్రాక్టర్లను తెచ్చిపెడుతుంది. అమ్ముడవని వెంచర్‌ని అదే పేరు నిలబెట్టదు.

ఆటగాడి కన్ను: మేలా, కీడా?

ఆటగాళ్ల వైపు వాదించేవాళ్లు చెప్పేది ఇది. ఒత్తిడిలో మనిషి ఏ తప్పు చేస్తాడో, ఎక్కడ అత్యాశకు పోతాడో వందల కోర్సుల్లో ఆడినవాడికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. 1973లో ఓపెన్ గెలిచిన టామ్ వైస్కాఫ్ డిజైనర్ అయ్యాక, గట్టిగా కొడితే ఒక్క దెబ్బకే గ్రీన్ చేరగల పొట్టి పార్ 4 హోల్స్‌ని తన కోర్సుల్లో ముద్రలా పెట్టాడు. తెగిస్తే రెండో మూడో, తప్పితే ఆరో ఏడో. ఆ ఊగిసలాట రుచి తెలిసినవాడికే అలాంటి హోల్ తడుతుంది.

ఎదుటివాళ్ల వాదన కూడా అంతే బలమైనది. ఛాంపియన్ తనలాంటివాడి కోసమే కడతాడు. నిక్లాస్ తొలిరోజుల కోర్సులు ఎత్తుగా, ఎడమ నుంచి కుడికి తిరిగే ఆయన సొంత దెబ్బకే అనువుగా ఉన్నాయని విమర్శలు వచ్చాయి, తర్వాత్తర్వాత ఆయన శైలి మారింది కూడా. రోజూ ఆడేది ఛాంపియన్లు కాదు. వారాంతంలో వచ్చే డాక్టర్లు, ఆఫీసర్లు, వాళ్ల పిల్లలు. చరిత్రలో గొప్ప డిజైనర్లలో ఒకడైన అలిస్టర్ మెకంజీ వృత్తిరీత్యా వైద్యుడు, ఆటలో మామూలువాడు. దక్షిణాఫ్రికాలో జరిగిన బోయర్ యుద్ధంలో సైనికులు నేలని వాడుకుని దాక్కోవడం చూసి, కృత్రిమంగా చేసిన గుట్టలు సహజంగా కనిపించేలా ఎలా తీర్చాలో ఆలోచించాడు.

ఆ మెకంజీయే బాబీ జోన్స్‌తో కలిసి అమెరికాలో అగస్టా నేషనల్ కోర్సు చేశాడు, 1933లో తెరిచారు. జోన్స్ అప్పటి మహా ఆటగాడు. ఆయన బంతులు కొట్టి చూపించాడు, మెకంజీ నేలని మలిచాడు. ఇటీవలి ఉదాహరణ బెన్ క్రెన్‌షా, బిల్ కూర్ జంట. క్రెన్‌షా మేజర్లలో ఒకటైన మాస్టర్స్‌ని రెండుసార్లు గెలిచాడు, కూర్ పచ్చిక, నిర్మాణం వైపు నుంచి వచ్చాడు. డోనల్డ్ రాస్ వేసిన పైన్‌హర్స్ట్ నంబర్ 2 అనే అమెరికా కోర్సులో తర్వాతి వాళ్లు పెంచేసిన పచ్చికని ఈ ఇద్దరూ 2010–11లో తీసేసి, పాత ఇసుక నేలనీ పిచ్చిగడ్డినీ తిరిగి బయటపెట్టారు. నీటి వాడకం కూడా బాగా తగ్గింది. మంచి ఫలితాల్లో ఒక పెద్ద ఆటగాడు, ఒక మట్టి మనిషి కలిసి పనిచేయడం ఇలా పదేపదే కనిపిస్తుంది.

గోపాలపురం దిబ్బల మీద వేస్తే?

మా దగ్గర కోర్సు వస్తుందన్న వార్త ఏదీ లేదు, ఇది ఊహ మాత్రమే. గోల్ఫ్ పుట్టిన స్కాట్లండ్ తీరంలో సముద్రానికీ పొలాలకీ మధ్య ఇసుక నేల ఉంటుంది. నీరు ఇట్టే ఇంకుతుంది, గాలి తగ్గదు. పైకి చూస్తే గోపాలపురం నుంచి ఉత్తరంగా పోయే తీరం అలాంటిదే. సరుగుడు తోటలు, మొగలి పొదలు, ఇసుక దిబ్బలు. థామ్సన్ లాంటివాడు చూస్తే గ్రీన్‌కి ఇరవై టిప్పర్ల ఇసుక, కంకర దేనికని అడిగేవాడేమో.

కానీ 2019 తీరప్రాంత నియంత్రణ నోటిఫికేషన్ ఇసుక దిబ్బలను అత్యంత సున్నితమైన ప్రాంతాల్లో చేర్చింది. వాటిని చదును చేయడానికి వీల్లేదు. రుషికుల్య మొగ దగ్గర ఆలివ్ రిడ్లీ తాబేళ్లు లక్షల్లో వచ్చి గుడ్లు పెడతాయి. రాత్రి దీపాలుంటే తాబేలు పిల్లలు సముద్రం అనుకుని వెలుతురు వైపు పాకుతాయి. ఎరువు, పురుగుమందు ఇసుకలోంచి ఎంత వేగంగా నీటిలోకి దిగుతాయో కూడా చూడాలి. 2013 అక్టోబరులో ఫైలిన్ తుపాను తీరం దాటింది ఇక్కడే. చెట్లనే అడ్డంకులుగా నమ్ముకున్న డిజైన్ ఒక్క రాత్రిలో మైదానమైపోతుంది. ఇక్కడ మొదట పిలవాల్సింది ఆటగాడిని కాదు, నీటి ఇంజినీర్‌నీ పర్యావరణం తెలిసినవాళ్లనీ. రాయగడ, కోరాపుట్ కొండవాలు అయితే చిక్కులు వేరు. అక్కడ మట్టి కోత, రాయి, ఆ భూమి మీద ఆదివాసుల హక్కు ముందుకొస్తాయి.

గీసినవాడిది ఎన్నాళ్లు?

ఇంకొక మెలిక ఉంది. కోర్సు కట్టాక దాని మీద డిజైనర్‌కి పట్టు ఉండదు. సెయింట్ ఆండ్రూస్‌లో థామ్సన్ 1995లో చేసిన డ్యూక్స్ కోర్సుని పదకొండేళ్లకే టిమ్ లిడ్డీ అనే ఇంకొకరు మార్చేశారు. ఢిల్లీ కోర్సుని 2019లో గ్యారీ ప్లేయర్ చేత మళ్లీ తీర్చిదిద్దించారు. అక్కడ 2025 అక్టోబరులో డీపీ వరల్డ్ ఇండియా ఛాంపియన్‌షిప్ జరిగింది. పొదలు ముసిరిన ఇరుకు దారులు చూసి ప్రపంచ అగ్రశ్రేణి ఆటగాడు రోరీ మెక్‌ఇల్రాయ్ తన అతి పొడుగు దెబ్బల కర్ర డ్రైవర్‌ని వాడనని ముందే చెప్పేశాడు. టైటిల్ టామీ ఫ్లీట్‌వుడ్ తీసుకెళ్లాడు. ఆ కోర్సులో ప్లేయర్ తీర్చిన గ్రీన్లున్నాయి, థామ్సన్ మార్చిన దారులున్నాయి. వాళ్లిద్దరికంటే చాలా ముందు నుంచి ఉన్న పాత సమాధులు, చెట్లూ ఉన్నాయి. డ్రైవర్‌ని పక్కన పెట్టించినది వీటిలో ఏది అంటే, ఎక్కువ మార్కులు పొదలకే వేయాలి.